రోజూ వాలీబాల్ ఆడుతున్నా 1600 మీటర్ల దగ్గర ఎందుకు ఆగిపోతున్నావంటే

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. నువ్వు డిగ్రీ సెకండియర్. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఐదు నెలలుగా రోజూ సాయంత్రం గంటన్నర ప్రాక్టీస్ చేస్తున్నావు. జంప్ పెరిగింది, స్మాష్‌లో పదును వచ్చింది, పొట్ట తగ్గింది. కానీ కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే శారీరక పరీక్షలు, అదే ఈవెంట్స్ కోసమని 1600 మీటర్లు పరిగెత్తి చూస్తే మూడో రౌండ్‌లోనే ఆయాసం వచ్చి ఆగిపోతున్నావు. ఏ ఆటా ఆడని నీ రూమ్మేట్, పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే అలవాటుందంతే, నాలుగు రౌండ్లూ పూర్తి చేస్తున్నాడు. "ఇంత ఆడితే నాకు ఫిట్‌నెస్ వచ్చినట్టా, రానట్టా?" అన్నావు.

వచ్చింది. అయితే నీ ఆట ఏ ఫిట్‌నెస్ అడిగిందో అదే వచ్చింది. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చాలా ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాను. ఎక్కువమందికి అర్థం కానిది ఇక్కడే. "గ్రౌండ్‌కి పోతున్నాం కాబట్టి స్టామినా దానంతటదే వస్తుంది" అనుకుంటారు. ఒంటికి అలాంటి లెక్క లేదు. దేన్ని మళ్ళీ మళ్ళీ, కాస్త కాస్త పెంచుకుంటూ అడిగితే దాన్నే ఇస్తుంది. అడగనిదాని జోలికి పోదు.

రేపు సాయంత్రం ప్రాక్టీస్‌లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడు. సర్వీస్, పాస్, లిఫ్ట్, స్మాష్, బంతి కింద పడింది. పది సెకన్లు కూడా అయ్యుండదు. తర్వాత బంతి గోడ అవతల పడితే ఎవరు తేవాలన్న చర్చ, లైన్ మీద పడిందా బయట పడిందా అన్న గొడవ, రొటేషన్. ఆ తర్వాత మళ్ళీ సర్వీస్, అదీ నెట్‌కి తగులుతుంది. గంటన్నరలో నీ ఒళ్ళు నిజంగా కష్టపడిన సమయం కలిపి చూసుకుంటే నీకే నవ్వొస్తుంది. ఆ కొద్ది సెకన్ల పేలుడు లాంటి పనికి కండరంలో ముందే నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే రసాయనం దాదాపు సరిపోతుంది. ర్యాలీకీ ర్యాలీకీ మధ్య దొరికే విరామంలో అది మళ్ళీ నిండుతూ ఉంటుంది. అందుకే తొడల్లో, పిక్కల్లో బలం వచ్చింది, జంప్ పెరిగింది.

1600 మీటర్లు ఇంకో రకం పని. తెలంగాణ పోలీస్ బోర్డు 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకి పెట్టిన టైమ్ 7 నిమిషాల 15 సెకన్లు. అంటే ఏడు నిమిషాల పాటు ఎక్కడా ఆగకుండా, ఊపిరి సర్దుకునే సందు లేకుండా పరిగెత్తాలి. అందులో ఖర్చయ్యే శక్తిలో 80 శాతానికి పైగా ఆక్సిజన్ వాడుకుని తయారయ్యేదే. ఊపిరితిత్తులు రక్తంలో కలిపిన ఆక్సిజన్‌ని గుండె ఆ రక్తంతోపాటు పంప్ చేసి కండరాలకి చేర్చాలి, కండర కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా దాన్ని వాడుకోవాలి. ఈ మొత్తం వరసని నీ గంటన్నర వాలీబాల్ పెద్దగా కష్టపెట్టలేదు. నీ రూమ్మేట్ చేసే రోడ్డు పరుగు రోజూ దాన్నే కష్టపెట్టింది.

మా గ్రౌండ్‌లో ఏటా బీప్ టెస్ట్ పెడతాను. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు ఉంటాయి. స్పీకర్‌లో బీప్ మోగేలోపు అవతలి గీత తాకాలి, తర్వాతి బీప్ లోపు తిరిగి రావాలి. గంటకి 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై ప్రతి నిమిషానికీ అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. మొదట్లో వాలీబాల్ షూటర్లు, ఆరడుగుల మనుషులు, నవ్వుకుంటూ పొడుగ్గా అంగలేస్తుంటారు. ఏడో లెవెల్ దాటేసరికి వాళ్ళలో సగంమంది మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పక్కన వంగి నిలబడతారు. ఖోఖో అమ్మాయిలు మాత్రం గీత దగ్గర ఒంటికాలి మీద గిరుక్కున తిరిగి వెనక్కి పోతూనే ఉంటారు. ఖోఖోలో ఒక్క టర్న్ తొమ్మిది నిమిషాలు. తరుముతున్నా తప్పించుకుంటున్నా కాళ్ళు ఆగేది తక్కువ. ఆ ఆట వాళ్ళని అడిగింది అది. అదే అమ్మాయిల్ని నెట్ దగ్గర నిలబెట్టి జంప్ కొలిస్తే లెక్క తిరగబడుతుంది. ఇందులో ఎవరి ఫిట్‌నెస్సూ తక్కువ కాదు. ఫిట్‌నెస్ అనేది ఒకే కొలత అనుకోవడం దగ్గరే చిక్కంతా. దమ్ము, బలం, వేగం, కీళ్ళు వంగే గుణం, ఒంట్లో కొవ్వు, ఇవన్నీ వేర్వేరు ఖాతాలు.

ఇక ట్రైనింగ్ వల్ల నిజంగా ఏం మారుతుంది, ఎప్పుడు మారుతుంది అన్నది. పరుగులాంటి పని మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే ద్రవభాగం, పెరుగుతుంది. గుండెకి ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం అందుతుంది కాబట్టి అదే వేగానికి పల్స్ కాస్త తగ్గుతుంది. "నిన్నటికంటే తేలిగ్గా ఉంది సార్" అని పిల్లలు అనేది ఆ దశలోనే. నెలా రెండు నెలలు ఆపకుండా చేస్తే కండరాల్లో సన్నటి రక్తనాళాలు, మైటోకాండ్రియా పెరుగుతాయి, గుండె ఎడమ గది సామర్థ్యం పెరుగుతుంది. కదలిక లేని కుర్రాడు కొన్ని నెలలు పద్ధతిగా చేస్తే వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్ళు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, 15 నుంచి 20 శాతం దాకా పెరగడం మామూలే. బలం సంగతి వేరు. మొదటి నెలలో బలం పెరిగిందంటే కండ పెరిగి కాదు, ఉన్న కండనే నరాలు బాగా వాడుకోవడం నేర్చుకున్నాయని. కండ కంటికి కనపడాలంటే ఇంకో నెలైనా ఓపిక పట్టాలి. రెండు వారాలు జిమ్‌కి పోయి అద్దంలో చూసుకుని మానేసేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది, ఎముక. అది బలం పుంజుకునే వయసు మీది. ఇరవైల చివరికల్లా ఆ జమ దాదాపు పూర్తయిపోతుంది. ఎగిరి దూకే ఆటలు ఎముకకి చాలా మంచివి, ఆ విషయంలో వాలీబాల్ నీకు గట్టి మేలే చేస్తోంది.

ఆపేస్తే ఏమవుతుందో తెలియాలంటే 1966లో అమెరికాలోని డాలస్‌లో జరిగిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. నా క్లాసులో ఏటా చెప్పేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్ళు, అందరికీ 20 ఏళ్ళే, నీ వయసు. వాళ్ళని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వీఓటూ మ్యాక్స్ సగటున 27 శాతం పడిపోయింది. తర్వాత ఎనిమిది వారాలు ట్రైనింగ్ ఇస్తే, మంచమెక్కక ముందున్న స్థాయిని కూడా దాటి పైకి వెళ్ళింది. 30 ఏళ్ళ తర్వాత, 1996లో, అదే ఐదుగురినీ పిలిచి మళ్ళీ కొలిచారు. 30 ఏళ్ళ వయసు తీసుకున్న దమ్ము కంటే, అప్పట్లో మూడు వారాల పడక తీసుకున్న దమ్మే ఎక్కువని తేలింది. సెమిస్టర్ పరీక్షలయ్యాక నెలరోజులు ఇంట్లో మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకునేవాళ్ళకి ఇది చెప్తే కాసేపు గట్టిగా కూర్చుంటారు. మళ్ళీ పడుకుంటారనుకో, అది వేరే సంగతి.

రూమ్మేట్‌తో పోల్చుకోవడం మానెయ్యి. ఎందుకో చెప్తాను. హెరిటేజ్ అని అమెరికా, కెనడాల్లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది. వందలమంది వ్యాయామం అలవాటు లేనివాళ్ళకి 20 వారాలు ఒకే రకం ట్రైనింగ్ ఇచ్చారు. వీఓటూ మ్యాక్స్ సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. ఒకే ఇంట్లోవాళ్ళకి పెరిగిన తీరులో పోలిక కనపడింది కూడా, అంటే పుట్టుకతో వచ్చేది కొంత ఉంది.

ఇదే కారణంతో, "ఆడే విద్యార్థుల ఫిట్‌నెస్, ఆడని విద్యార్థుల ఫిట్‌నెస్" అని రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చే ప్రాజెక్టులంటే నాకు పెద్ద నమ్మకం లేదు. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పీజీ చేసే మా ఎంపీఈడీ పిల్లలు తరచూ ఇదే టాపిక్ ఎంచుకుంటారు. ఆడేవాళ్ళ మార్కులు ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. రాకేం చేస్తాయి? కాలేజీలో చేరిన రోజే ఎగరగలిగినవాణ్ణి, పరిగెత్తగలిగినవాణ్ణి ఏరి టీమ్‌లో పెట్టుకున్నది మేమేగా. అందులో ట్రైనింగ్ వాటా ఎంతో, ముందే ఉన్నది ఎంతో ఎలా తెలుస్తుంది? అదే మనిషిని సెమిస్టర్ మొదట్లో కొలిచి, నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తేనే తెలుస్తుంది. నువ్వూ అదే చెయ్యి.

హాస్టల్లోనే చేసుకోగలిగినది హార్వర్డ్ స్టెప్ టెస్ట్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హార్వర్డ్‌లో తయారైంది, ఇప్పటికీ మన దగ్గర ఫిజికల్ ఎడ్యుకేషన్ ల్యాబుల్లో వాడతారు. 20 అంగుళాల ఎత్తున్న గట్టి బల్ల కావాలి, ఊగేది వద్దు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 120 మీద పెట్టు. ఒక్కో టిక్కుకి ఒక్కో కాలు కదపాలి. కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడికాలు కిందకి, ఎడమకాలు కిందకి. అలా నిమిషానికి 30 సార్లు, ఐదు నిమిషాలు. మూడో నిమిషం దాకా అందరూ హుషారే. నాలుగో నిమిషంలో పైన నిటారుగా నిలబడకుండా వంగి దిగడం మొదలవుతుంది, పక్కనున్నవాడు కేకెయ్యాలి. అయిపోగానే కూర్చో. నిమిషం ఆగి అర నిమిషం పల్స్ లెక్కపెట్టు, రెండు నిమిషాలు నిండగానే ఇంకో అర నిమిషం, మూడు నిమిషాలు నిండగానే మరో అర నిమిషం. బల్ల ఎక్కిన సమయం సెకన్లలో తీసుకుని 100తో గుణించి, ఆ మూడు పల్స్‌ల మొత్తానికి రెట్టింపుతో భాగించాలి.

ఉదాహరణకి ఐదు నిమిషాలూ పూర్తిచేశావు, పల్స్ 78, 65, 57 వచ్చాయి. మొత్తం 200. 30,000ని 400తో భాగిస్తే 75. కొన్ని నెలల తర్వాత 66, 54, 47 వచ్చాయనుకో, మొత్తం 167, స్కోరు దాదాపు 90. 55 కంటే తక్కువైతే బలహీనం, 80 దాటితే బాగుంది, 90 దాటితే చాలా బాగుంది. చూడు, రెండుసార్లూ నువ్వు చేసిన పని ఒక్కటే. తేడా అంతా గుండె ఎంత త్వరగా కుదుటపడిందన్నదాంట్లోనే ఉంది. అమ్మాయిలకి బల్ల ఎత్తు తగ్గించి పెడతారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. దాంతోపాటు రోజూ పొద్దున లేవగానే, మంచం దిగక ముందే, పల్స్ చూసి రాసుకో. ట్రైనింగ్ పనిచేస్తుంటే నెలలు గడిచేకొద్దీ అది మెల్లగా దిగుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి మామూలు కంటే బాగా ఎక్కువ కనపడిందంటే నిద్ర చాలలేదనో, జ్వరం వస్తోందనో, నిన్న మితిమీరి చేశావనో అర్థం. ఆ రోజు గట్టి ట్రైనింగ్ పెట్టుకోవద్దు.

ఇప్పుడు నీ 1600 సంగతి. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు, 400 మీటర్ల ట్రాక్ మీద రౌండ్‌కి దాదాపు 109. ముందు ఒక పని చెయ్యి. నీ మొదటి రౌండ్ ఎంతలో పూర్తవుతోందో చూడు. వాలీబాల్ కాళ్ళున్నవాడివి, నా అంచనా నువ్వు 85, 90 సెకన్లలో తిరిగొస్తుంటావు. అలా వస్తే మూడో రౌండ్‌లో ఆగిపోకపోతేనే ఆశ్చర్యం. ఈవెంట్స్ రోజు విజిల్ పడగానే మంద మొత్తం ఉరుకుతుంది, దాంతోపాటు ఉరికినవాళ్ళే మూడో రౌండ్‌లో డొక్క పట్టుకుని నడుస్తుంటారు. మొదటి రౌండ్ 105కి ముందు రావొద్దు.

వారంలో వాలీబాల్ నాలుగు సాయంత్రాలకి తగ్గించు, మానెయ్యకు. రెండు రోజులు పొద్దున 25, 30 నిమిషాల నెమ్మది పరుగు పెట్టుకో. పక్కనున్నవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా. ఇది విని పిల్లలు పెదవి విరుస్తారు, "ఇంత నెమ్మదిగా పోతే ఏం వస్తుంది సార్" అని. గుండెకి, సన్నటి రక్తనాళాలకి పునాది పడేది దీంతోనే. ఇంకో రోజు, ఒకే ఒక్క రోజు, 400 మీటర్లు నాలుగుసార్లు. ఒక్కోటి 105 నుంచి 108 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు నడక. రెండు వారాలకొకటి చొప్పున ఆరుసార్ల దాకా పెంచు, ఆ తర్వాత విరామాన్ని నిమిషంన్నరకి తగ్గించు. ఎనిమిది వారాలదాకా 1600 టైమ్ పెట్టి చూసుకోవద్దు. రోజూ పొద్దున్నే ప్రాణం పెట్టి 1600 కొట్టి టైమ్ చూసుకుని నీరసపడేవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. అది రోజూ పరీక్ష రాయడమే, చదవడం ఎప్పుడు? ఇంత కొద్ది పరుగుకి జంప్ తగ్గిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు.

తిండి విషయంలో ఎక్కువ చెప్పను, హాస్టల్ మెస్‌ని మార్చడం నీ చేతుల్లో లేదు. మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) లెక్క. గట్టిగా ట్రైనింగ్ చేసేవాడికి 1.2 నుంచి 1.6 దాకా కావాలి. 60 కిలోలవాడికి రోజుకి 70 నుంచి 95 గ్రాములన్నమాట. మెస్‌లో ఆ పలచటి పప్పుచారుతో ఇది తీరదు. గుడ్డులో ఆరు గ్రాములు, 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాములు ఉంటాయి. రెండు మూడు గుడ్లు, గుప్పెడు నానబెట్టిన శనగలు, పల్లీపట్టి, పెరుగు పెట్టుకుంటే డబ్బా పౌడర్ కొనే పని లేదు. పొద్దున టిఫిన్ మానేసి సాయంత్రం గ్రౌండ్‌లో కళ్ళు తిరిగి కూర్చునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇది చదువుతున్న అమ్మాయిలకి ఒక మాట. నెలల తరబడి పద్ధతిగా చేస్తున్నా దమ్ము పెరగట్లేదంటే, "నాకు చేతకాదు" అనుకునే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్, అది 12 కంటే తక్కువుంటే ఏ కోచ్ ఏ ప్లాన్ ఇచ్చినా ఫలితం అంతంతమాత్రమే. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే వాటి పక్కనే టీ తాగకండి, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

సంక్రాంతికి, పరీక్షలకి బ్రేక్ తప్పదు. బాగా ట్రైన్ అయినవాళ్ళ మీద 1980ల్లో జరిగిన అధ్యయనంలో, మూడు వారాలు పూర్తిగా ఆపేస్తే వీఓటూ మ్యాక్స్ దాదాపు 7 శాతం తగ్గింది. మొదట పోయేది మొదట వచ్చిన ప్లాస్మానే. బలం అంత త్వరగా పోదు. మంచి సంగతేంటంటే, సంపాదించుకోవడానికి పడినంత కష్టం నిలబెట్టుకోవడానికి అక్కర్లేదు. వారానికి రెండు రోజులు చేసినా చాలు, కాకపోతే ఆ రెండు రోజుల్లో వేగం తగ్గకూడదు. ఊళ్ళో పండగ టోర్నమెంట్ ఆడితే అది వాలీబాల్ ఖాతాలోకి పోతుంది. పరుగు ఖాతా కోసం చెరువుకట్ట మీదో, పొలం బాట మీదో రెండు పొద్దుటిపూటలు తీయాలి. సీసీ రోడ్డు మీద, అరిగిన కాన్వాస్ బూట్లతో మాత్రం వద్దు. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఎముక పొడవునా నొప్పి పట్టుకుంటే వారాల తరబడి వదలదు. కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప కింద పొడిచినట్టుంటే అది జంపుల వల్ల వచ్చే నొప్పి. రెండింట్లో ఏది వచ్చినా స్ప్రే కొట్టుకుని ఆడేయకుండా ఫిజియోకి చూపించు. అందుకే స్మాష్ ప్రాక్టీస్ గట్టిగా చేసిన మర్నాడు 400లు కూడా పెట్టుకోవద్దు.

ఏప్రిల్, మేల్లో మొదలుపెట్టేట్టయితే మొదటి రెండు వారాలు టైమ్ చూసుకోకు. ఎండకి ఒళ్ళు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పల్స్ ఎక్కువగానే ఉంటుంది. పొద్దున ఏడు లోపు ముగించు.

ఇక మిగతా ఈవెంట్స్. అదే 2022 నోటిఫికేషన్‌లో లాంగ్‌జంప్ నాలుగు మీటర్లు, నీ జంప్ చూస్తే దానికి దిగులు లేదు, పలక మీద అడుగు సరిగ్గా పడేలా రనప్ కొలుచుకో చాలు. షాట్‌పుట్ గురించి నువ్వు అడగలేదు గానీ, 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు పడాలి. స్మాష్ కొట్టే చెయ్యి ఉంది కదా అని దాన్ని బంతిలా విసరబోతే భుజం పోతుంది. మెడకి ఆనించి, కాళ్ళూ నడుమూ తిప్పి తోసేది అది. మీ ఫిజికల్ డైరెక్టర్ సార్‌ని అడిగి వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున, ముందు నిలబడే తొయ్యడం నేర్చుకో.